ఎత్తు బంగారం

కిందటి వారం ప్రమోదినిని మిల్లు వాకిట్లో, కారులోంచి ఒక కాలు కింద పెట్టిన చోట వదిలేశాం. క్రమం తప్పకుండా చదివేవారికి సంగతి తెలుసు. కొత్తగా చేరినవారికి నాలుగు మాటలు.

సుల్తానాబాద్ రైస్ మిల్లు యజమాని వంశీధర్‌రావు భార్య ప్రమోదిని. నలభై నాలుగేళ్లు. ఒళ్లు బాగా వచ్చింది. రెండు పూటలా ఇన్సులిన్ సూది, నాలుగు మెట్లెక్కితే పట్టేసే మోకాళ్లు, నిద్రలో ఉన్నట్టుండి ఆగిపోయే ఊపిరి. కరీంనగర్ డాక్టర్ పొట్టకు ఆపరేషన్ చేయించుకోమని, వచ్చే వారానికి తేదీ ఇచ్చాడు. అవునో కాదో ఈ సాయంత్రంలోగా చెప్పాలి. హైదరాబాద్‌లో చదువుతున్న కూతురు సృజన చేయించుకోమని రోజూ ఫోన్ చేస్తోంది. భర్త "నీ ఇష్టం" అన్నాడు. అత్తగారు సరోజనమ్మ ఆపరేషన్ గురించి మంచీ చెడ్డా అనలేదు. "ముందుగాల సమ్మక్క మొక్కు తీరాలె. ఎత్తు బంగారం ఇయ్యాలె" అని మాత్రం పట్టుబట్టింది.

ఇక్కడ తల్లికిచ్చే బంగారమంటే బెల్లమే. మొక్కుకున్న మనిషిని కాంటా ఎక్కించి, ఎంత తూగితే అంత బెల్లం తల్లి కొలువుండే గద్దెల దగ్గర ముట్టజెప్పాలి. రెండేళ్లకోసారి వచ్చే జాతర ముందు ఏ బెల్లం కొట్టు దగ్గర చూసినా పిల్లలూ పెద్దలూ వరసగట్టి కాంటా ఎక్కుతూ ఉంటారు. ప్రమోదిని బజారులో ఎక్కనంది. అందుకని పరశురాములు కొట్టు నుంచి బెల్లమే ఆటో ట్రాలీలో మిల్లుకు వచ్చింది. వడ్లు తూచే కాంటా మీద పని కానిచ్చి, అదే బండిలో కరీంనగర్ పక్కన రేకుర్తి గద్దెలకు పంపాలని ఏర్పాటు.

వంశీధర్‌రావు హమాలీలందరినీ చాయ్‌కి పంపించేశాడు. భార్య కాంటా ఎక్కడం నలుగురూ చూడకుండా అతను చేయగలిగిన ఉపకారం అది. తూకం రాసే మొండయ్య, ట్రాలీ తోలే వెంకటేశ్ మాత్రం మిగిలారు. వెంకటేశ్ బండిలోనే కూర్చుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. వంశీధర్‌రావు ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

సరోజనమ్మ కాంటాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. డెబ్బై దాటిన మనిషి, వంగి లేచేసరికి ఆయాసపడింది. కుర్చీలో కూర్చుని, "ఎక్కు బిడ్డా. కుడికాలు పెట్టు" అంది.

ప్రమోదిని చెప్పులు విడిచింది. ఇనుప పలక చల్లగా ఉంది. అందులో ఇరుక్కున్న వడ్ల గింజలు అరికాళ్లకు గుచ్చుకున్నాయి. పక్కన స్తంభానికి బిగించిన డబ్బాలో ఎర్ర అంకెలు గబగబా పరుగెత్తి, కాస్త తటపటాయించి, ఆగాయి. ప్రమోదిని అటు చూడలేదు. ఎదురుగా గోడ మీద ఆరేసిన గోనెసంచుల్ని చూస్తూ నిలబడింది.

"నూట పదహారూ!" అని మొండయ్య, హమాలీలకు వినబడాలన్నట్టు కేకేశాడు.

సరోజనమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఏందిరా మొండీ, డబ్బాల నూట పద్దెనిమిది కనబడుతున్నది?"

"సంచి తరుగు తీసిన పెద్దమ్మా" అన్నాడు మొండయ్య. అన్న తర్వాత తనేమన్నాడో అర్థమై నాలుక కరుచుకున్నాడు. "తప్పయింది. అలవాటు... నోట్లకెళ్లి గట్లనే వస్తది."

ఏ మిల్లులోనైనా ఉన్న పద్ధతే. తూగినదాంట్లోంచి సంచికింత, తాలుకింత తీసేసి మిగిలింది రాస్తారు. ముప్పై ఏళ్లుగా మొండయ్య చూసిన అంకె ఏనాడూ పైకి చదవలేదు.

"రైతుల కాడ తీసుడు సాలదారా, తల్లి కాడ గూడ తీస్తవా?" అంది సరోజనమ్మ.

ముందుగా నవ్వింది ప్రమోదినే. కాంటా మీదే నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు డబ్బాలో అంకెలు మళ్లీ అటూ ఇటూ అయ్యాయి. "సరే మొండయ్యా, నా సంచి బరువెంతనో చెప్పినవ్. మంచిదే" అంది. నవ్వు ఆగాక మాత్రం ఎవరి సాయమూ లేకుండా దిగి, రెండో కుర్చీలో గోడ వైపు తిరిగి కూర్చుంది.

మొండయ్య బెల్లం ముద్దలు ఒక్కొక్కటే ట్రాలీలోంచి తెచ్చి కాంటా మీద పేర్చాడు. చివర్లో ఒక ముద్ద ఎక్కువై, సగానికి పగలగొట్టాడు. అంకె కలిసింది.

ప్రమోదిని తల తిప్పి చూసింది. ఆ కుప్ప తన నడుము దాకా కూడా రాలేదు. బెల్లం ముద్దలు గట్టివి, చోటు తక్కువ తింటాయి. అయినా ఆమెకు, ఇంతేనా, అనిపించింది. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో ఏ కుర్చీ ఆగుతుందో చూసుకుని కూర్చున్నదీ, ఫొటోల్లో వెనక వరసకు జరిగిందీ, నిర్మల్‌లో తమ్ముడు కట్టిన మేడ మీది గదిని ఇంతవరకు చూడనిదీ ఈ కుప్పను మోస్తూనా?

సరోజనమ్మ లేచి బెల్లం మీద పసుపు చల్లింది. చేతులు జోడించి పెదవులు కదిలించింది.

"అత్తమ్మా, రెండేండ్ల కింద నేను ఐసీయూల పడ్డప్పుడు మొక్కిండ్రు గదా ఇది?" అంది ప్రమోదిని, ఏదో ఒకటి మాట్లాడాలని.

"అదిగాదు. దానికి యాటను కోసినం. నీకు యాది లేదా, ఆ మటన్ నువ్వు ముట్టలే, నోరు చేదున్నదంటివి. ఇది పాతది."

"ఎప్పటిది?"

సరోజనమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "నీకు రెండోసారి కడుపు పోయినప్పటిది."

ఆ రోజుల సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నిర్మల్ నుంచి కోడలై వచ్చినప్పుడు ప్రమోదిని పెళ్లి వడ్డాణం నడుము మీద నిలవక, లోపల గుడ్డ మడిచి కట్టారు. ఏడాదిన్నరలో రెండుసార్లు కడుపు నిలిచి పోయింది.

"అప్పుడెట్లుంటివి నువ్వు! పుల్ల లెక్క. డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఒంట్ల రక్తం లేదు, బలం లేదు, గిట్లయితే కాన్పు నిలువది అన్నది. ఇంటికొచ్చి దేవునర్రల నిలబడ్డ. తల్లీ, గీ పిల్ల ఒళ్లు చెయ్యాలె, నా ఇంట్ల నిలవాలె, ఎంత ఒళ్లు చేస్తే అంత బంగారం నీకిస్త అన్న."

"అంటే..." ప్రమోదిని కుప్పనోసారి, అత్తగారినోసారి చూసింది. "గిదంత మీరు అడిగి తెచ్చుకున్నదా?"

"జర అడిగిన. గింతగనం అడగలే."

మొండయ్య అవతలికి తిరిగి దగ్గాడు.

"తల్లి ఇచ్చింది, నువ్వేమో కోయించుకుంటనంటున్నవ్" అంది సరోజనమ్మ. ఇన్నాళ్ల తర్వాత ఆపరేషన్ మాట ఆమె నోట రావడం అదే మొదలు. "ఇచ్చిన దాన్ని ముక్కలు కోసి పారేస్తె ఊకుంటదా?"

"ఒళ్లు కొయ్యరత్తమ్మా. లోపల, అన్నం దిగే సంచి ఉంటది చూడుండ్రి, దాన్ని కోస్తరు. ముప్పావు వంతు తీసేస్తరు. రెండు మూడు గంటెలు తింటే నిండుతది. ఒళ్లు దానంతటదే దిగుతది."

"మరి ఆకలి?"

"ఆకలి గూడ చానా తగ్గుతదట. కొన్ని దినాలు అసలే కాదట."

సరోజనమ్మ ముఖంలో రంగు మారింది. కోత మాటకు ఆమె అంత భయపడినట్టు లేదు. "ఆకలి గాకుంటే మనిషెట్లయితది? పొద్దున లేచి దేనికోసమని పొయ్యి ముట్టియ్యాలె? నీ పళ్లెంల నేనేం పెట్టాలె?"

"ఏం పెట్టకుండ్రి" అంది ప్రమోదిని.

మెల్లగానే అంది. కాని ఇద్దరికీ గట్టిగా వినబడింది.

"నాకు ఆకలైనప్పుడు తిన్నది తక్కువ అత్తమ్మా. మీరు 'ఇంక జర' అంటే తిన్న. వద్దంటే మీ మొఖం చిన్నబోతుండె. నెయ్యి గిన్నె వట్టుకొని నా నెత్తి మీద నిలబడుతుంటిరి. ముద్దపప్పుల ఓసారి పోసి, చారుల ఓసారి పోసి, సకినాల గంప ముంగటికి జరుపుతుంటిరి. చేతులు కడుక్కున్నంక గూడ, గీ ఒక్క గారె ఎవలు తింటరే అంటిరి. ఇంట్ల అందరి పళ్లాలు లేసేవి, నాది లేవకపోతుండె."

"చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటరా?"

సరోజనమ్మ ఆలోచించింది. కోడలితో అబద్ధమాడే అలవాటు ఆమెకు లేదు. "ఇనకపోదు" అని ఒప్పుకుంది.

"ప్రేమతో పెడుతున్నరనుకున్న."

"ప్రేమ గాదా మరి?"

"ఏమో. ఇయ్యాల మీ ముచ్చట ఇంటే, మొక్కు కోసం పెంచినట్టున్నది."

ఆ మాట ముసలావిడకు తగిలింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా ఒళ్లో పట్టుకుంది. ప్రమోదిని వెనక్కి తగ్గలేదు. అసలు అడగవలసిన ప్రశ్న ఆమెకు అప్పుడే తట్టింది.

"సృజన పుట్టింది. కాన్పు నిలిచింది. మొక్కు అప్పుడే తీరాలె గద? ఇన్ని జాతర్లు పోయినయి. ఎందుకు తీర్చలే?"

"మొండీ, నువ్వు గూడ పోయి చాయ్ తాగిరాపో" అంది సరోజనమ్మ.

మొండయ్య కదలబోయాడు. "ఉండనియ్యుండ్రి" అంది ప్రమోదిని. "నా బరువు తెలిసినోనికి గిది తెలిస్తె ఏమైతది?" మొండయ్య ఎటూ పోలేక కాంటా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. మాటలు పెరగడం విని వంశీధర్‌రావు ఆఫీసు గదిలోంచి వచ్చి గడపలో ఆగాడు. చేతిలో ఫోన్ ఉంది.

సరోజనమ్మ కొడుకును చూసింది. చూసి కూడా మాట ఆపలేదు.

"మీ మామ నిన్ను నిర్మల్‌ల దిగబెట్టి రమ్మన్నడు."

మామగారు జగపతిరావు పోయి పదేళ్లు దాటింది. హాల్లో ఆయన ఫొటోకు ప్రతి గురువారం పూలదండ మార్చేది ప్రమోదినే.

"రెండోసారి పోయినంక అన్నడు. జగిత్యాల దిక్కు ఇంకో పిల్లను గూడ చూసిండు. నేను వద్దంటే ఇనే మనిషా ఆయన? గందుకని మొక్కు ముంగట పెట్టిన. తల్లికి మాటిచ్చిన, తీరకముందు గీ పిల్ల గడప దాటితే ఇల్లు నిలువది అన్న. ఆయన ఎవ్వనికి భయపడకపోతుండె, సమ్మక్కకు భయపడుతుండె. ఊకున్నడు. జాతర రాంగనే, ఇగ తీర్చు అనేటోడు. పిల్ల ఇంక ఒళ్లు చెయ్యలే, పై జాతరకు సూద్దాం అనేదాన్ని. సృజన పుట్టినంక గూడ, ఆడపిల్లనాయె అని మల్ల మొదలువెట్టిండు. మల్ల గదే చెప్పిన."

"అందుకేనా పెట్టుడు?"

"అందుకే పెట్టిన. గది నిజం. నువ్వు బక్కగనే ఉంటే తల్లి మొక్కు ఇనలేదని ఆయన నిన్ను పంపేటోడు, లావైనంక తీర్చకుంటే ఎవలు ఊకుంటరు, రెంటి నడుమ పదేండ్లు గుంజిన. ఆయన పోయినంక తీర్చొచ్చు. ఏందో, బుద్ధి పుట్టలే. తీరితే నిన్ను పట్టి ఉంచేది ఏమున్నదనిపిస్తుండె."

ప్రమోదిని తలవంచుకుని కాళ్ల కింది వడ్ల పొట్టును బొటనవేలితో పక్కకు నెట్టింది. ఆమెకు కోపం వచ్చింది. కాని అది ఎవరి మీద పెట్టుకోవాలో తేలలేదు. ఎదురుగా ఉన్న మనిషి తనను ఇంట్లో నిలబెట్టింది. అదే చేత్తో మోకాళ్లు పట్టేసేదాకా తినిపించింది. ఈ రెండూ విడదీయడానికి వీల్లేకుండా ఉన్నాయి.

తర్వాత తలెత్తి, గడప వైపు చూడకుండానే అడిగింది. "మరి ఆయనేమన్నడు?"

"ఎవలు?"

"మీ కొడుకు. మామయ్య నన్ను దిగబెట్టి రమ్మన్నప్పుడు."

"వాన్నే అడుగు" అంది సరోజనమ్మ.

వంశీధర్‌రావు గడప దిగి రెండడుగులు వేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఆ ఊళ్లో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. "నాయిన ముంగట నేను ఏనాడు నోరు తెరిచిన ప్రమోదినీ? నీకు తెల్వదా?"

"ఏమన్నరు?"

"మీ ఇష్టం అన్న."

మొండయ్య తలవంచుకున్నాడు. ట్రాలీలో వెంకటేశ్ ఫోన్ చూడడం ఎప్పుడో ఆపేశాడు.

ప్రమోదిని లేచి నిలబడింది. "మొండయ్యా, బెల్లం బండ్లకెక్కియ్యి" అంది.

మొండయ్య ఒక ముద్ద ఎత్తాడు. "ఆగురా" అంది సరోజనమ్మ. "దింపు. ఇయ్యాల బంగారం పోదు."

"ముందుగాల మొక్కు తీరాలని పట్టుబట్టింది మీరే గదత్తమ్మా?"

"అప్పుడు అన్న. ఇప్పుడు వద్దంటున్న. ఇన్నేండ్లు తీర్చకుంటేనే నువ్వు దక్కినవ్. ఇప్పుడు తీర్చి, చేతులు దులుపుకొని, నిన్ను కత్తి కిందికి పంపాల్నా? బాకీ ఉన్న మనిషిని తల్లి విడువది. ఉండనియ్యి."

"నాకు బాకీ మనిషి లెక్క బతుకుడు వద్దు. ఎక్కియ్యి మొండయ్యా."

"దింపురా!"

ముద్ద పట్టుకున్న మొండయ్య కాంటాకూ ట్రాలీకీ నడుమ నిలబడి యజమాని వైపు చూశాడు. సరిగ్గా అప్పుడు వంశీధర్‌రావు చేతిలో ఫోన్ మోగింది. ఆసుపత్రిలో భార్య పేరు పక్కన రాయించింది అతని నంబరే. ఎక్కడ రాయించినా అంతే.

"ఆఁ, చెప్పండమ్మా... అవును, వచ్చే వారమే..." అతను భార్యను చూశాడు. తల్లిని చూశాడు. ఒక నిమిషం కిందట తన నోటి నుంచి వచ్చిన మాట ఇంకా అక్కడే ఉన్నట్టుంది. ముఖం ఎర్రబడింది. "లేదమ్మా. వద్దనుకుంటున్నం. ఆపరేషన్ వద్దు. క్యాన్సిల్ చెయ్యండి."

"భయమైతున్నది ప్రమోదినీ" అన్నాడు, ఫోన్ చెవి దగ్గర నుంచి దించి. "నీకేమన్న అయితే? అప్పుడు ఊకున్న. ఇప్పుడన్న నేనొక మాట చెప్పాలె గద?"

"చెప్పాల్సిననాడు చెప్పకపోతిరి. ఇయ్యాల నా మాట మీరు చెప్తున్నరు" అంది ప్రమోదిని. చెయ్యి చాపింది. "అటియ్యుండ్రి."

అతను ఇచ్చాడు. ఫోన్‌లో ఆసుపత్రి అమ్మాయి ఇంకా "హలో సార్, హలో" అంటోంది.

"నేను ప్రమోదినిని. పేషెంట్‌ను."

"మేడం, సార్ ఇప్పుడే వద్దన్నారండి..."

"ఆపరేషన్ సార్‌కు కాదు గదమ్మా, నాకు. తేదీ అట్లనే ఉంచు."

ఆ మాట చెప్పాక ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇన్ని రోజులుగా లేచినా కూర్చున్నా తేలనిది, అంత చప్పున తేలిపోయిందేమిటని తనే ఆశ్చర్యపోయినట్టుంది.

"సరే మేడం. కాని ఇవాళ వచ్చి సంతకాలు పెట్టాలి. మీతో పాటు ఇంటివాళ్లు ఒకరు కూడా పెట్టాలి."

"తీస్కొస్త."

ఎవరిని తీసుకెళ్తుందో చెప్పలేదు. ఆమెకూ తెలియదు. ఫోన్ భర్త చేతిలో పెట్టింది. కారు తాళాలు అతని జేబులో ఉన్నాయి. అడగలేదు. మొండయ్య ఈసారి ఎవరి వైపూ చూడకుండా ముద్దలన్నీ ట్రాలీలోకి చేరవేశాడు. ఎక్కడానికి ట్రాలీ ముందు సీటు ఎత్తుగా ఉంది. ప్రమోదిని తలుపు పట్టుకుని, ఎడమకాలు పెట్టి, రెండోసారికి ఎక్కగలిగింది. వెంకటేశ్ మర్యాదగా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

బండి కదలబోతుండగా ఆమె వైపు తలుపు మళ్లీ తెరుచుకుంది. కింద సరోజనమ్మ, కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది.

"జరుగు."

"ముగ్గురికి పట్టదత్తమ్మా. మీరు కార్ల రాండ్రి."

"వాని కారు నాకొద్దు. పట్టేదాక జరుగు."

ప్రమోదిని జరిగింది. వెంకటేశ్ కిటికీకి అతుక్కుపోయాడు. మొండయ్య చేయి ఆసరా ఇచ్చి పెద్దమ్మను ఎక్కించాడు. అద్దంలో వంశీధర్‌రావు ఖాళీ కాంటా పక్కన నిలబడి కనిపించాడు. బండి మలుపు తిరిగింది.

కరీంనగర్ చేరేదాకా అత్తాకోడళ్లకు ఇరుకులో ఒకరి చెయ్యి ఒకరికి ఒత్తుకుంటూనే ఉంది. ఊరి మొదట్లో వెంకటేశ్ వేగం తగ్గించి, "రేకుర్తికే గదమ్మా?" అని అడిగాడు.

"ఆఁ" అంది ప్రమోదిని.

"కాదు" అంది సరోజనమ్మ. "ముందుగాల దవాఖానకు పోనియ్యి. బంగారం బండ్లనే ఉండనియ్యి."

ప్రమోదిని తిరిగి చూసింది. సరోజనమ్మ ముందు అద్దంలోంచి రోడ్డునే చూస్తోంది.

"సంతకం ఇంటోళ్లది గావాలన్నరు గద. నేనే పెడత" అంది. "గని గా డాక్టర్‌ను నేనొక్కటి అడగాలె. నువ్వు బయట కూసోవాలె. ఆయనేం జెప్తడో ఇన్నంకనే, పెట్టుడా, నిన్ను ఇదే బండ్ల తిప్పి తీస్కపోవుడా."